ఋషికుల్య తాబేళ్ళ షూటింగ్‌కి బయటి టీమ్ వస్తోంది, లోకల్ మనిషిగా నేనేం చెయ్యాలి?

తమ్ముడూ, నీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒడిశా బరంపురంలో డిగ్రీ అయింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, హిందీకి ఢోకా లేదు, ఇంగ్లీషు నెట్టుకొస్తావు. ముంబై నుంచి ఒక టీవీ డాక్యుమెంటరీ టీమ్ ఫిబ్రవరి నెలాఖర్లో వస్తోంది, అందులో కెమెరామన్ విదేశీయుడు. ముందు ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తాబేళ్ళు, ఆ ఒడ్డున ఉన్న మన తెలుగు జాలర్లు, తర్వాత గజపతి, కోరాపుట్ కొండలు. లోకల్ కోఆర్డినేటర్‌గా రమ్మన్నారు. ఏం పని చెయ్యాలి, ఎంత అడగాలి, ఎక్కడ ఇరుక్కుంటాను అని అడిగావు.

నేను ఈ జిల్లాల్లోనే కెమెరా అటెండెంటుగా మొదలుపెట్టి, తర్వాత న్యూస్ వాళ్ళకీ డాక్యుమెంటరీల వాళ్ళకీ ఇదే కోఆర్డినేటర్ పని చేస్తూ వచ్చాను. మాటలు తర్జుమా చెయ్యడానికి నిన్ను పిలిచామని వాళ్ళే అనుకుంటారు. దిగిన రెండో రోజుకి తెలిసొస్తుంది, ఇక్కడ ఏది ఎప్పుడు జరుగుతుందో, ఏది ఎవర్ని అడిగి చెయ్యాలో తెలిసిన మనిషి లేకపోతే లక్షల కెమెరా కూడా పెట్టెలోనే ఉంటుందని. నీ పని ఆ రెండూ. భాష ఆ తర్వాత.

టీమ్ అంటే సినిమా యూనిట్‌లా బస్సు దిగుతుందనుకోకు. డైరెక్టరు, కెమెరామన్, సౌండ్ రికార్డిస్టు, ఒక అసిస్టెంటు, డబ్బు చూసుకునే ప్రొడక్షన్ మనిషి, అంతే. న్యూస్ అయితే రిపోర్టరు, కెమెరామన్, డ్రైవరు. యూమాటిక్ క్యాసెట్ల కాలంలో కెమెరా ఒకరి భుజాన, రికార్డరు ఇంకొకరి భుజాన, మధ్యలో కేబులు, ఇద్దరూ ఒకే అడుగు వెయ్యాలి. ఇప్పుడు కెమెరా చిన్నదైంది గానీ సామాను మాత్రం పెళ్ళివారి సామానులా అలాగే ఉంది: ట్రైపాడ్, లెన్సుల పెట్టె, బ్యాటరీలు, సౌండ్ బ్యాగు, ఎల్‌ఈడీ లైట్లు, హార్డ్ డిస్కులు. ఒక్క ఇన్నోవా చాలు అని ముంబైలో లెక్కేసుకుంటారు. చాలదు. మనుషులకొకటి, సామానుకొకటి, రెండు బళ్ళు రాయించు. డ్రైవర్లలో ఒకడైనా రాయగడ, కోరాపుట్ ఘాట్ రోడ్లు తెలిసినవాడై ఉండాలి. బరంపురం నుంచి కోరాపుట్ వెళ్ళడానికే పగలంతా పోతుంది. ఆ రోజున షూటింగ్ రాసుకుంటే కొట్టేయించు.

షెడ్యూలు ఎక్సెల్ షీటులో వస్తుంది. మూడో రోజు రాత్రి "తాబేళ్ళు గుడ్లు పెట్టడం" అని ఒక గడిలో రాసుంటుంది. నవ్వొస్తుంది గానీ, ఫోన్లోనే నెమ్మదిగా అసలు సంగతి చెప్పెయ్.

ఋషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుంపులుగా గుడ్లు పెడతాయని శాస్త్రవేత్తలు నమోదు చేసింది 1994లో. 2023లో ఆరు లక్షల పైచిలుకు వచ్చాయని అటవీ శాఖ లెక్క. అదే ఒడ్డుకి కొన్నేళ్ళు గుంపు రానేరాదు, విడిగా ఒకటీ అరా ఎక్కి గుడ్లు పెట్టి పోతాయి. వస్తే ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, చాలాసార్లు దక్షిణపు గాలి తిరిగి బలంగా కొడుతున్నప్పుడు, రాత్రిపూట, వరసగా కొన్ని రోజులు. ఇంతకంటే కచ్చితంగా ఎవడూ చెప్పలేడు. కాబట్టి తాబేళ్ళకి ఒక తేదీ కాకుండా, ఒడ్డున ఉన్న రోజుల్లో రాత్రులన్నీ ఖాళీగా ఉంచమను. జాలర్ల ఇంటర్వ్యూలు, చేపల వేలం, వలలు బాగుచెయ్యడం లాంటివి పగలు ఎప్పుడైనా తీసుకోవచ్చు. పురుణబంధ, గోఖరకుద, పొడంపేట వైపు ఊళ్ళలో ఒడ్డు కాపలా కాసే కుర్రాళ్ళున్నారు. నీళ్ళలో తలలు ఎంత దగ్గరగా కనబడుతున్నాయో వాళ్ళు రోజూ చూస్తారు. వాళ్ళతో ఇప్పట్నుంచే మాట్లాడటం మొదలుపెట్టు, టీమ్ దిగాక కాదు.

ఇంకొకటి, గుడ్లు పెట్టడం, పిల్లలు బయటికి రావడం రెండూ ఒకే ట్రిప్పులో కావాలంటారు. పిల్లలు పొదగడానికి ఇంచుమించు 45 నుంచి 55 రోజులు పడుతుంది, ఇసుక వేడిని బట్టి. అంటే ఏప్రిల్‌లో మళ్ళీ రావాలి, లేదా ఇక్కడ ఒక చిన్న టీమ్‌ని పెట్టాలి. ఈ మాట బడ్జెట్ తయారవకముందే చెప్పినవాడికి విలువ ఉంటుంది.

ఇక రాత్రి షూటింగ్. ఇక్కడ నువ్వు గట్టిగా నిలబడాలి. ఆలివ్ రిడ్లే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. బరంపురం డీఎఫ్ఓ (అటవీ అధికారి) ఆఫీసు నుంచి కాగితం లేకుండా రాత్రి ఒడ్డు మీదికి కెమెరాతో పోకూడదు. కాగితం ఉన్నా తెల్ల లైటు వెయ్యకూడదు, ఫ్లాష్ కొట్టకూడదు. తల్లి తాబేలు నీళ్ళలోంచి ఎక్కేటప్పుడు లైటు, కదలిక కనబడితే గుడ్లు పెట్టకుండానే తిరిగి సముద్రంలోకి పోతుంది. అది పైకెక్కి, వెనక కాళ్ళతో గొయ్యి తవ్వి, గుడ్లు వదలడం మొదలుపెట్టేదాకా దూరంగా, దాని వెనకవైపు, కింద కూర్చుని ఉండాలి. ఒకసారి గుడ్లు పెట్టడం మొదలైతే అంత సులభంగా చలించదు. సుమారు వంద గుడ్లు, కొంచెం అటూ ఇటూ. అప్పుడు మసక ఎర్ర లైటు తక్కువ వెలుగులో, వెనక నుంచి. ఇప్పటి కెమెరాలు వెన్నెల్లో కూడా బొమ్మ తీస్తున్నాయి, కాబట్టి లైటు లేకపోతే కుదరదన్న మాట నమ్మకు. పిల్లల విషయంలో లైటు ఇంకా ప్రమాదం. అవి ఎటు వెలుతురుంటే అటు నడుస్తాయి, మామూలుగా అది సముద్రపు వైపు. వెనక ఊరి లైట్లు, బండి హెడ్‌లైట్లు వెలుగుతుంటే రోడ్డువైపు పోయి చచ్చిపోతాయి. బళ్ళు దూరంగా ఆపించి, హెడ్‌లైట్లు ఆర్పించి, నడిపించు. డైరెక్టరుకి కాళ్ళు నొప్పి పుడితే పుట్టనీ.

గుంపు ఎక్కిన రాత్రి ఇసుకలో కాలు పెట్టడానికి చోటుండదు. అలాంటప్పుడు ట్రైపాడ్ ఒకచోట పాతి, అక్కణ్ణుంచే తీసుకోమను. తిరుగుళ్ళొద్దు. అటవీ శాఖ గార్డు పక్కనే ఉంటాడు. అతనికి టీ, టిఫినూ నీ లిస్టులో ఉండాలి, మర్చిపోకు.

తాబేళ్ళ కథలో జాలరిని ఎలా చూపిస్తారన్నది నాకు ఎప్పుడూ పేచీ. నవంబర్ 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య, దేవి, ధామ్రా మొగల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. పెద్ద బోట్లకి దాని మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరం అంతటికీ ఉండే నిషేధం అదనం. బయటి టీమ్‌కి కావల్సింది "తాబేలుని ప్రేమించే జాలరి". అలాంటివాళ్ళు నిజంగా ఉన్నారు, ఆ ఒడ్డుని కాపాడింది వాళ్ళే. కానీ అదే ఊళ్ళో నెలల తరబడి వల ఎండబెట్టుకుని కూర్చున్న మావయ్యలూ ఉన్నారు. ఇద్దర్నీ చూపించమని నువ్వే చెప్పాలి. చెప్పకపోతే సినిమా అయ్యాక ఊరివాళ్ళు అడిగేది టీమ్‌ని కాదు, నిన్ను. ఇంకో చిక్కు, ఆ నెలల్లో బోటు మీద నుంచి షాట్లు కావాలంటే బోటు యజమాని ఒప్పుకుంటే సరిపోదు. అటవీ శాఖ, మత్స్య శాఖ రెండూ తెలిసి ఉండాలి. లేకపోతే పట్టుకునేది బోటుని, ముంబై కెమెరాని కాదు.

ఇప్పుడు ఇంటర్వ్యూ సంగతి. ఎవరూ చెప్పరు గానీ నీ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది నువ్వు ఎక్కడ కూర్చుంటావన్నది. మామూలుగా డైరెక్టరు లెన్సు పక్కన కూర్చుని ఇంగ్లీషులో అడుగుతాడు, నువ్వు వెనకాల నిలబడి తెలుగులో చెబుతావు. అప్పుడు చేపలమ్మే అత్త ఎవరివైపు చూస్తుంది? తన భాషలో మాట్లాడుతున్న నీవైపు. తెర మీద ఆవిడ ఎటో గోడవైపు చూస్తున్నట్టుంటుంది. మధ్యలో డైరెక్టరువైపూ ఒక చూపు విసురుతుంది, అయోమయంలో ఉన్నట్టు కనిపిస్తుంది, పాపం ఆవిడ తప్పేమీ లేదు. అందుకని మొదటి రోజే చెప్పెయ్, లెన్సుని ఆనుకుని ఉన్న కుర్చీ నాది అని. డైరెక్టరు నీ భుజం వెనక కూర్చోవాలి. కుర్చీ ఎత్తు కూడా చూసుకో. ఆవిడ నేల మీద పీట వేసుకుని కూర్చుంటే నువ్వూ కిందే, నీ కళ్ళు లెన్సు ఎత్తులో ఉండాలి. తెలివైన డైరెక్టర్లు ఒక్కసారి చెప్పగానే ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ళకి ఒక జవాబు రెండు రకాలుగా తీసి మానిటర్లో చూపించు.

మాట్లాడేవాళ్ళకి ఊఁ కొట్టడం మన ప్రాణం. "అవునా అత్తా", "అయ్యో", "ఊఁ ఊఁ" అంటే తప్ప ఎదుటివాళ్ళు మాట్లాడలేరు. అదంతా మైకులో పడుతుంది, ఎడిటింగులో తియ్యడం కష్టం. తల ఊపు, కళ్ళు పెద్దవి చెయ్యి, నోరు మాత్రం విప్పకు. జవాబు అయ్యాక కూడా వెంటనే రెండో ప్రశ్నకి పోకు. కాస్త ఆగితే మనవాళ్ళు ఇంకో మాట చెబుతారు, చాలాసార్లు అసలు మాట అదే.

నీ ప్రశ్న ఎడిటింగులో తీసేస్తారు, కాబట్టి జవాబు దానంతట అది నిలబడాలి. "ఎన్నేళ్ళ నుంచి వేటకెళ్తున్నారు?" అంటే మావయ్య "ముప్పై" అని ఊరుకుంటాడు. "వేటకి మీరు ఎప్పుడు మొదలుపెట్టారో, ఎవరు తీసుకెళ్ళారో చెప్పండి మావా" అంటే కథ వస్తుంది. ఆయన మాట్లాడుతుండగా డైరెక్టరు చెవిలో గుసగుసలాడకు, అయ్యాక రెండు ముక్కల్లో సారం చెప్పు. పూర్తి అనువాదం రాత్రి లాడ్జిలో టైమ్‌కోడ్‌తో, అంటే ఏ మాట ఏ సెకనులో వచ్చిందో చూపిస్తూ, రాసివ్వాలి. అది వేరే పని, వేరే డబ్బు. మన తీరం తెలుగుని వేరే ఊళ్ళో కూర్చున్న సబ్‌టైటిల్ కుర్రాళ్ళు సగం తప్పు రాస్తారు. ఆ పని నువ్వే తీసుకుంటే నీకు రెండు మూడు వారాల బేరం అదనం, ఊరివాళ్ళ మాటకీ న్యాయం.

ఒకే పనిని నాలుగుసార్లు చేయించడం వీళ్ళకి అలవాటు. దూరం నుంచి ఒకసారి, చేతులు ఒకసారి, మొహం ఒకసారి. వల భుజాన వేసుకుని నడవడమైతే నాలుగుసార్లు నడుస్తారు, నవ్వుకుంటూ. ఒడ్డుకి వల లాగడం మాత్రం ఒక్కసారే. ముప్పై మంది తాడు పట్టుకున్నాక మళ్ళీ మొదటి నుంచి అనలేం. ముందే టీమ్‌కి చెప్పి, రెండు కెమెరాలు పెట్టించు. చేప ఒడ్డుకొచ్చాక ఆడవాళ్ళు వేలానికి దిగితే అక్కడ నువ్వు అడ్డంపడి "ఒక్క నిమిషం ఆగండమ్మా" అనకు. వాళ్ళ రోజు సంపాదన ఆ పది నిమిషాల్లో ఉంది.

సౌండ్ రికార్డిస్టుతో ముందే స్నేహం చేసుకో, అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేవాడు అతనే. సముద్రపు గాలి, బోటు ఇంజను, పక్కింట్లో మిక్సీ, గుడి మైకు. పల్లెలో మైకులు ఎప్పుడు మొదలవుతాయో, ఏ పండగ ఎప్పుడుందో నీకు తెలుస్తుంది, అతనికి తెలియదు. ఇంటర్వ్యూ అయ్యాక అతను ముప్పై సెకన్లు అందర్నీ కదలకుండా ఉండమంటాడు, ఆ చోటి నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకోడానికి. పిల్లలకి ఆ మాట ఆటలా చెప్పావంటే చక్కగా ఉంటారు.

వెలుతురు విషయంలో మన తీరం చాలా అనుకూలం. పొద్దున్న సూర్యుడు సముద్రం మీద నుంచి వస్తాడు. ఫిబ్రవరి మధ్యలో ఆరుంపావు దాటాక. మనిషి సముద్రంవైపు మొహం పెట్టి నిలబడితే మొహం మీద మెత్తటి వెలుగు, సముద్రం వెనక రావాలంటే మొహం నల్లబడుతుంది, అప్పుడు థర్మోకోల్ షీటు పట్టుకునే మనిషి కావాలి. సాయంత్రం ఆరు కాకముందే సూర్యుడు ఊరి వెనక్కి దిగిపోతాడు. మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా ఇసుక మీద ఎవరి మొహమూ బాగోదు, ఆ టైములో ఇంట్లో షాట్లు పెట్టించు. ఇంట్లో అన్నాక ట్యూబులైటు గొడవ ఒకటి ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. అమెరికా అలవాటున్న కెమెరామన్ షట్టర్ 1/60 మీద పెట్టుకుంటే చవక ఎల్‌ఈడీ బల్బుల కింద బొమ్మ వణుకుతుంది. 1/50 పెట్టమని ఒక్క మాట గుర్తుచెయ్, పెద్దరికంగా కాకుండా మామూలుగా.

ఏసీ బండిలోంచి తీసిన కెమెరాకి ఒడ్డు మీద గాలి తగలగానే లెన్సు మంచు పట్టేస్తుంది. దిగడానికి ముందే ఏసీ ఆపించాలి, పెట్టె మూత తెరవకుండా కాసేపు బయట ఉంచాలి. రోజూ రాత్రి ట్రైపాడ్ కాళ్ళు మంచినీళ్ళ గుడ్డతో తుడవకపోతే ఉప్పుకి బిగుసుకుపోతాయి. ఇవి అటెండెంటు పనులు. అటెండెంటు లేకపోతే నీ మీదే పడతాయి, అందుకు కూడా డబ్బు మాట్లాడుకో. డేటా మాత్రం నువ్వు ముట్టుకోకు. సెకనుకి 100 మెగాబిట్ల మీద తీస్తే గంటకి 45 జీబీ అవుతుంది. రెండు డిస్కుల్లోకి కాపీ అయ్యిందని వాళ్ళ మనిషి చెప్పేదాకా ఏ కార్డూ ఫార్మాట్ కాకూడదు, ఆ కార్డు నీ జేబులో ఉండకూడదు. లాడ్జి బుక్ చేసేటప్పుడు ఇన్వర్టర్ కాదు, జనరేటర్ ఉందా అని అడుగు. రాత్రంతా బ్యాటరీలు చార్జింగ్, డిస్కులు నడవడం ఉంటాయి.

ఇరుక్కునే చోట్లు అడిగావు కదా. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదువు.

విదేశీ కెమెరామన్ ఏ వీసా మీద వస్తున్నాడో మొదటి మెయిల్లోనే అడుగు. టూరిస్టు వీసా మీద డాక్యుమెంటరీ తియ్యకూడదు. దానికి జర్నలిస్టు వీసా, విదేశాంగ శాఖ నుంచి షూటింగ్ అనుమతి కావాలి. ఆ అనుమతిలో చోట్ల పేర్లుంటాయి, నువ్వు చెప్పిన ఊళ్ళన్నీ అందులో ఉన్నాయో లేదో చూసుకో. అతని సామానుకి కార్నె (సామాను తాత్కాలికంగా తెచ్చుకోడానికి కస్టమ్స్ కాగితం) ఉంటే ప్రతి వస్తువూ సీరియల్ నంబరుతో రాసుంటుంది, దాని జిరాక్సు బండిలో ఉండాలి. శాటిలైట్ ఫోను, కొండలెక్కేవాళ్ళు వాడే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి పరికరాలు మన దేశంలో లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోకూడదు. వాళ్ళ దేశంలో అవి మామూలు వస్తువులు, అందుకే బ్యాగులో పడేసుకొస్తారు. ఎయిర్‌పోర్టుల్లో ఇలా పట్టుబడ్డవాళ్ళు చాలామంది. తీసుకురావొద్దని రాతపూర్వకంగా చెప్పు.

డ్రోను సంగతి కూడా అంతే. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం, కాబట్టి అతను తనది తేకూడదు. ఇక్కడ అద్దెకి తీసుకుంటే దానికి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబరు, నడిపేవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో (ముందు అనుమతి అక్కర్లేని చోట) 400 అడుగుల దాకా ఎగరెయ్యొచ్చు. కానీ మన ఒడ్డు ఎలాంటిదో మ్యాపు చూసేముందు గుర్తుచేసుకో. గోపాలపురంలో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ, దాటితే ఛత్రపురం దగ్గర అణుశక్తి శాఖ కిందున్న ఐఆర్ఈఎల్ ప్లాంటు. బీచి చూస్తే టూరిస్టు చోటే కదా అనిపిస్తుంది. ఆ రెండిటి చుట్టుపక్కల డ్రోను పెట్టె తెరవనివ్వకు, ట్రైపాడ్ కూడా అడక్కుండా వెయ్యనివ్వకు. పురుషోత్తమపురం దగ్గర జౌగడ అశోకుడి శాసనం తీద్దామంటారు, దారిలోనే ఉంది కాబట్టి. అది కేంద్ర పురావస్తు శాఖది. ట్రైపాడ్ వెయ్యాలంటే ముందు అనుమతి.

కొండల్లోకి వెళ్ళాక నీ తెలుగు పర్లాకిమిడి దాకా బాగా పనికొస్తుంది. గుణుపురం, పుట్టాసింగి వైపు లాంజియా సవర ఆదివాసీల ఊళ్ళకి వెళ్తే సవర భాష తెలిసిన మనిషి లేకుండా పోకు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో మేష్టరుగా ఉండగా కూర్చుని సవర నేర్చుకున్నారు, మనకి అంత తీరిక లేదు గానీ ఒక సవర కుర్రాణ్ణి రోజుకూలికి పిలవడానికేం? అప్పుడు సవర నుంచి ఒడియా, ఒడియా నుంచి ఇంగ్లీషు, రెండు మెట్లు. ఇంటర్వ్యూ టైము రెట్టింపు రాసుకో. గోడల మీద వేసే ఇడితాల్ బొమ్మలు పూజకి సంబంధించినవి. ఇంట్లోకి పోయి తియ్యాలంటే ఇంటి పెద్ద ఒప్పుకోవాలి, తీసేటప్పుడు గోడ తాకకూడదు. లాంజియా సవరలు, బోండాలు, డోంగ్రియా కోంధులు ఒడిశాలో ప్రభుత్వం గుర్తించిన 13 ప్రత్యేక ఆదివాసీ సమూహాల్లో ఉన్నారు. ఆ ఊళ్ళలో కెమెరాకి కలెక్టరు ఆఫీసు అనుమతి ముందే కావాలి, విదేశీయుడుంటే మరీనూ. ఒనుకుడెల్లి గురువారం సంతలో బోండా ఆడవాళ్ళని దూరం నుంచి జూమ్ వేసి తీసుకుపోయే టీమ్‌లతో నేను పని చెయ్యను. నువ్వేం చేస్తావో నీ ఇష్టం. సంత కావాలంటే కుందులిలో శుక్రవారం సంత పెట్టించు. రంగులు, జనం, కూరగాయలు, అన్నీ ఉంటాయి, మాట్లాడటానికి మనుషులు దొరుకుతారు.

ఆంధ్రా, ఒడిశా సరిహద్దులో ఉన్న కొటియా ఊళ్ళ వైపు ఆంధ్రా నంబరు ప్లేటు బండితో వెళ్ళొద్దు, ఒడిశా నంబరుతో వెళ్ళినా ముందు పొట్టంగి పోలీసులకి చెప్పు. ఆ ఊళ్ళు ఎవరివన్న పేచీ 1968 నుంచి సుప్రీంకోర్టులో ఉంది. అక్కడ కెమెరా కనబడితే ఏ రాష్ట్రం పంపిందనే మొదటి ప్రశ్న. తాబేళ్ళ సినిమాకి కొటియాతో పనేముంది అని డైరెక్టర్ని అడగడం కూడా నీ హక్కే.

నీ కథకి సంబంధం లేదు గానీ, రేపు న్యూస్ వాళ్ళు పిలిస్తే పనికొస్తుందని తుపాను సంగతి రెండు ముక్కలు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి కొండల్ని ముంచేసింది. అలాంటప్పుడు లైవ్‌కి వాడే బ్యాక్‌ప్యాక్ యూనిట్లు మొబైల్ టవర్ల మీద ఆధారపడతాయి. టవర్లు పోతే అవి బరువు తప్ప ఏమీ కావు. ఓబీ వ్యాను (లైవ్ పంపే బండి) డిష్షు గాలిలో ఎత్తలేం, జోరు వానలో శాటిలైట్‌కి పోయే కేయూ బ్యాండ్ సిగ్నల్ కూడా పడిపోతుంది. చివరికి కార్డు పట్టుకుని ఒక మనిషి బండి మీద నెట్ దొరికే ఊరికి పోవడమే, రోడ్డు మీద చెట్లు నరికించుకుంటూ. ఆ మనిషివి నువ్వే అయితే కార్డు తీసుకునేముందు కాపీ ఉందా అని అడుగు. ఇల్లు పోయినవాళ్ళని "ఇంకోసారి ఏడవండి" అనే రిపోర్టరుకి అనువాదం చెయ్యకు. నాకు తెలుగు రాదని చెప్పినా పర్లేదు.

డబ్బు. రోజు లెక్కన మాట్లాడు, రోజంటే పన్నెండు గంటలని రాయించు, రాత్రి తాబేళ్ళ షిఫ్టు వేరే రోజుగా లెక్క. భోజనం, ప్రయాణం, బస వాళ్ళదే. బేటా (రోజు చేతిఖర్చు) ఇస్తే సంతోషం. రెక్కీకి (ముందుగా చోట్లు చూసి రావడానికి), ఫోన్లకి, అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే రోజులకి కూడా రేటు ఉంటుంది. కొత్తవాళ్ళు ఇదొక్కటి మర్చిపోయి సగం పని ఊరికే చేసిపెడతారు. సగం అడ్వాన్సు ఖాతాలో పడ్డాకే మొదలుపెట్టు. ప్రొఫెషనల్ ఫీజు కింద చూపిస్తే 10 శాతం టీడీఎస్ కోసుకోవచ్చు, పాన్ ఇవ్వకపోతే 20. పాన్ ఇచ్చి ఉంటే, నీ ఆదాయానికి పన్ను పడకపోతే, రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది.

ఊరివాళ్ళ డబ్బు నీ బిల్లులో కలపకు. ఇంటర్వ్యూకి డబ్బివ్వడం చాలా సంస్థలు ఒప్పుకోవు, అందులో న్యాయం ఉంది. కానీ బోటు అద్దె, డీజిలు, పని మానుకున్న రోజుకి కూలి ఇవ్వాల్సిందే. అది అక్కడికక్కడే, కులపెద్దల ఎదుట, ప్రొడక్షన్ మనిషి చేత్తో ఇప్పించు. నీ చేత్తో ఇస్తే ఎంత మిగుల్చుకున్నాడో అనే మాట పుడుతుంది, ఆ ఊరికి నువ్వు మళ్ళీ వెళ్ళాలి. రిలీజ్ ఫారం (తమ బొమ్మ వాడుకోడానికి ఒప్పుకునే కాగితం) ఇంగ్లీషులో ఉంటుంది. సంతకం పెట్టించేముందు తెలుగులో చదివి వినిపించు, ఈ బొమ్మ ఏ దేశంలోనైనా వెయ్యొచ్చని కూడా చెప్పు. పిల్లలైతే అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. ఎవరైనా వద్దంటే వద్దు, రెండోసారి బతిమాలకు.

ప్యాకప్ రోజు రాత్రే బిల్లు తయారుచేసి, బోటు డీజిలు, లాడ్జి, బండి రసీదులు ఫొటో తీసి జతచేసి ప్రొడక్షన్ మనిషి ముందే మెయిల్ కొట్టు. పొద్దున్న ఫ్లైటుకి బ్యాటరీలన్నీ చేతి సంచిలోకి మారాయో లేదో చూడు, విడి లిథియం బ్యాటరీలు చెకిన్ లగేజీలో పెట్టనివ్వరు. 100 వాట్ అవర్ దాటినవాటికి ఎయిర్‌లైన్ అనుమతి అడగాలి. భువనేశ్వర్ వెళ్ళే బండి తెల్లారి నాలుక్కి పెట్టించు, ఖోర్ధా దాటాక ట్రాఫిక్కు ఉంటుంది.